నిలువు గీతకు అటువైపు

జులై అంటే మాకు నడి చలికాలం.
అంత్సిరాబే పాల సంఘం ఆఫీసులో
నేనూ, ఒక బొగ్గుల కుంపటీ,
వేడెక్కడానికి నాకంటే ఎక్కువసేపు పట్టే కంప్యూటరూ.
నెలాఖరు లెక్క.

నా పేరు లాలా.
ఏ గడిలో వేసినా కాళ్ళు చాపుకుని పడుకునే పేరు.
అసలు పేరు లలావారిసువా.
బళ్ళో ఎవరో కత్తిరించారు, నేనూ తిరిగి అడగలేదు.
అందుకేనేమో
పక్కవాళ్ళ పేర్లు ఇరుకున పడ్డాయని
ఇన్నాళ్ళూ నాకు తోచలేదు.

మా వైపు ఇంటిపేర్లుండవు.
పేరే ఇల్లు.
వసారాలో తాత కూర్చుని ఉంటాడు,
మధ్యగదిలో ఒక దీవెన,
పెరట్లో ఎవరో కోరుకుని మరిచిపోయిన కోరిక.
అంత ఇంటినీ తెచ్చి
కంప్యూటరు మొదట ఏ కొలత ఇస్తే
ఆ కొలత గడిలో పెట్టి తలుపేశాం.

పక్కగడి ఖాళీగా ఉన్నంతసేపూ
పేరు గీత దాటి అటు వాలేది,
పొరుగింటి అరుగు మీద కునుకు తీసినట్టు.
అక్కడ లీటర్లు ఎక్కించగానే
మెడ దగ్గర తెగింది.
పోలేదు, లోపలే ఉంది.
నొక్కి చూస్తే పై వరుసలో నిండుగా కనిపిస్తుంది.
కాగితం మీదికి మాత్రం రాదు.

అంకెలు పౌరుషం గలవి.
చోటు చాలకపోతే సగం కనబడడానికి ఒప్పుకోవు,
గడి నిండా ముళ్ళకంచె వేసుకుని కూర్చుంటాయి.
ఆ కంచె చూసి మేనేజరు తంతెలీ పరిగెత్తుకొచ్చేవాడు,
"డబ్బులేవి? లాలా, డబ్బులేమయ్యాయి?"
పేర్లు తెగినందుకు ఏ నెలా రాలేదు.

జాబితాలో ఏడుగురు రజాఫిలు.
రజాఫి అంటే మనవడు, లేదా మనవరాలు.
ఎవరి మనవరాలో చెప్పేలోపే గీత వచ్చేస్తుంది.
నేనే గుర్తులు పెట్టుకున్నాను:
నూటపది లీటర్ల రజాఫి,
చారల ఆవు రజాఫి,
ఎప్పుడూ దగ్గే రజాఫి.

పాత జాబితాలు అట్టపెట్టెలో సర్దుతుంటే
ఒక సంతకం దగ్గర చెయ్యి ఆగింది.
కొండవాలు నుంచి తెల్లారకముందే
పాల క్యాను సైకిలుకి కట్టి
ఎక్కకుండా నడిపించుకొచ్చే ముసలావిడది.
ముప్పైనాలుగు నెలలు.
నీలం సిరా, వణికే చెయ్యి, ప్రతిసారీ ఒకే మాట:
యాంద్రిసువా.

మా అచ్చులో ఆవిడ పేరు
రజాఫిమి.
గీత.
లీటర్లు, ధర, మొత్తం, అన్నీ దాటి
చివరి గడిలో యాంద్రిసువా.

ఆవిడ ఏనాడూ సంతకం పెట్టలేదు.
మేం వదిలేసిన ముక్క పూర్తిచేసి వెళ్ళింది.
మంచి కోసం ఎదురుచూసినామె మనవరాలు, అని ఆ పేరు.
మనవరాలిని మా దగ్గర ఉంచుకున్నాం.
ఎదురుచూపూ మంచీ
నెలనెలా ఆవిడే చేత్తో రాసుకుంది.

గీత మీద బాణం నిలబెట్టి
టకటకా రెండుసార్లు నొక్కాను.
గడి ఒళ్ళు విరుచుకుంది,
అందరిలోకీ పొడుగు పేరెంతో అంత.
సంబరంగా అచ్చు తీశాను.
సంతకాల గడి రెండో కాగితం మీదకి పోయింది,
ఎవరి పేరూ లేని కాగితం, ఒట్టి గళ్ళు.

"పాతదే నయం" అన్నాడు తంతెలీ.
అతని రిమార్కుల గడి ఒకటుంది,
జానెడు వెడల్పు, మూడేళ్ళుగా ఖాళీ.
దాన్ని చీపురుపుల్లంత చేశాను.
కాగితం అడ్డంగా తిప్పాను.
అతను చూస్తూనే ఉన్నాడు, కుంపటి వైపు.

శనివారం డబ్బులిచ్చే రోజు.
ఆవిడ వేలు వరుస వెంట నడిచింది,
తన పేరు చివరిదాకా వెళ్ళి
మళ్ళీ మొదటికొచ్చి
మళ్ళీ చివరిదాకా వెళ్ళింది.
అలవాటున కలం తీసి ఆఖరి గడి మీద పెట్టి
ఆగిపోయింది.
రాయడానికి ఏమీ మిగల్లేదు.

"ఇక్కడేం పెట్టాలమ్మాయ్?"
"సంతకం" అన్నాను.
"అంటే?"