వేలికెంత చోటు

ఎచ్చెర్ల లేబులో కుర్చీలు ముప్పై రెండు,
పనిచేసే టాబ్లెట్లు నాలుగు.
అందులో అద్దం పగిలినదాన్ని మాకిచ్చారు,
రోల్ నంబర్లలో చివరివాళ్లమని.
గోరింటాకు చేతికి తొడిగినట్టు
లోలాక్షి దానికో పాలిథిన్ సంచి తొడిగింది.

మొదటి పాఠం, తెరమీదికి ఒక్క మాట రప్పించడం.
అందరూ పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు పలకరింపే రాశారు.
నేను 'ఏటి సేస్తన్నావు' అని రాశాను.
గిర్రున తిరిగింది, తిరిగింది,
ఎర్రక్షరాలు నలభై వరసలు కక్కింది.
మర్చిపోయిన సెమికోలన్ ఒక్కటి పెట్టాక
పగుళ్ల వెనకనుంచి అడిగింది:
ఏటి సేస్తన్నావు?
బస్సులో టికెట్టు మిషను కూడా
నన్నెప్పుడూ అలా అడగలేదు.
మంచినీళ్లకని చెప్పి బయటికెళ్లి
కాసేపు ఏడ్చి వచ్చాను.

లాప్‌టాప్ లోపల ఒక దొంగ ఫోను ఉంటుంది,
మనం రాసింది అందులోనే ముందు నడిపి చూడాలి.
అది కింద పడదు. చార్జింగు దిగదు.
సిగ్నలు ఎప్పుడూ నిండుగానే.
మా పలాసలో అలాంటి ఫోను
ఎవరి దగ్గరా చూళ్లేదు నేను.

ముఖలింగం సారు బోర్డుమీద చతురస్రం గీశారు:
"బటను నలభై ఎనిమిదికి తగ్గకూడదు,
మనిషి వేలికి ఆపాటి చోటు కావాలి."
ఎవరి వేలికి సార్, అని ఎవరూ అడగలేదు.
నేనూ రాసుకున్నాను, కింద గీత కూడా గీసుకున్నాను.

మా ప్రాజెక్టు జీడిపిక్కల లెక్క.
ఈరోజు ఎన్ని కిలోలు ఒలిచారు, కూలి ఎంత రావాలి,
మేస్త్రీ పుస్తకంతో పనిలేకుండా.
శనివారం పాసింజరెక్కి పట్టుకెళ్లాను.
తవిటమ్మ పిన్ని చెయ్యి కొంగుకి తుడుచుకుని నొక్కింది.
ఏమీ లేదు.
గట్టిగా నొక్కింది.
"సచ్చిపోనాదేటే గుంటా నీ ఫోను?"

ఫోను బతికే ఉంది.
ఇరవయ్యేళ్ల జీడిరసం తాగిన వేలు అది,
గీతలన్నీ కాలిపోయి, చింతపిక్కలా నున్నగా, నల్లగా.
అద్దానికి అది వేలని తెలీలేదు.
"రేషను డిపో కాడా ఇంతేనే,
నా ఏలు నాది కాదంతాది ఆ మిషను."

నా కోడులో తప్పు లేదు.
పరీక్షలన్నిటికీ పచ్చ టిక్కులే.
ఇక్కడ పొరపాటుందని చెప్పే ఎర్రక్షరం
ఒక్కటంటే ఒక్కటి రాలేదు.

పిన్నే వేలు మడిచింది.
పక్కింటి తలుపు కొట్టినట్టు
కణుపుతో టకటకా కొట్టింది.
తెర ఉలిక్కిపడి లేచింది!
కణుపు వెడల్పు, బటన్లు ఇరుకు,
పెంచేదీ తగ్గించేదీ ఒకేసారి నొక్కుకుపోయి
కిలోలు ఎక్కుతూ దిగుతూ ఊగాయి.
ఒలిచేవాళ్లందరూ పొట్టు ఎగిరేలా నవ్వారు.

తిరుగు రైల్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని
తీసెయ్యడం మొదలెట్టాను.
నౌపడ ఉప్పు మడులొచ్చేసరికి మెనూ పోయింది.
తిలారులో రంగులు.
ఊర్లాం దాటాక, లోలాక్షి మూడు రాత్రులు కూచుని చేసిన
గిరగిర తిరిగే పువ్వు.
ఆ సంగతి దానికి ఫోన్లో చెప్పలేకపోయాను.
ఆమదాలవలసలో దిగేటప్పటికి మిగిలింది
ఒక అంకె, దాని కింద అరతెర నిండా ఒక బటను.

"ఇదేమిటమ్మా, గుమ్మంలా ఉంది?" అన్నారు సారు.
జవాబు ఇంగ్లీషులో తయారుచేసుకునే వెళ్లాను,
నోటికి రాలేదు.
"ఒక్కసారి వేలు మడిచి కొట్టండి సార్" అన్నాను.
కొట్టారు.
తన కణుపుని తనే కొంచెంసేపు చూసుకున్నారు.
ముప్పైకి ఇరవై మూడు వేశారు,
అందంగా లేదని ఏడు కోశారు.

లోలాక్షి నాలుగు రోజులు మాట్లాడలేదు.
అయిదో రోజు పిన్ని ఫోను చేసింది:
మేస్త్రీ పుస్తకంలో మూడున్నర,
నీ దాన్లో నాలుగు.

ఆ అరకిలో మీద తగువు ఇంకా తెగలేదు.
మేమిద్దరం రెండో వెర్షను రాస్తున్నాం.