ఉద్దెర ఖాతా

టైంటేబుల్ల మంగళవారం రెండు గంటలు ఖాళీ వడితె
బీబీఏ వాళ్లకు సోషియాలజీ వెట్టిన్రు.
"మార్కులు అల్కగ వస్తయి" అన్నరు సీనియర్లు.

దేవరకద్ర కాడ పొద్దుగాల బస్సు.
ఒళ్లె కాస్ట్ అకౌంటింగు,
దాని కింద సమాజశాస్త్రం,
రెండిటి మీద సద్ది డబ్బ.
పాలమూరుల దిగేసరికి
రెండు పుస్తకాలకూ ఒకటే పచ్చిపులుసు వాసన.

నిరంజన్ సారు బోర్డు మీద ఏం రాయలే.
"మీ ఇంట్లకెంచి ఒక వస్తువు తేండ్రి.
అది ఎవర్ని దగ్గర చేస్తదో, ఎవర్ని దూరం వెడ్తదో
రెండు పేజీలు రాయండ్రి" అన్నడు.

ఒకామె నాయినమ్మ పచ్చబొట్టు సూది తెచ్చింది.
ఎన్కబెంచి పిలగాడు
మేస్త్రీ రాసిచ్చిన అడ్వాన్సు చీటీ తీసి,
సదవకుండనే మళ్ల జేబుల వెట్టుకున్నడు.
నేను మా దుకాణం ఉద్దెర ఖాతా తీస్కపోయిన.

ఎర్రబట్ట అట్ట, మంచినూనె మరకలు,
మూలకు దారం, దారానికి రీఫిలు.
అకౌంట్స్ క్లాసుల వీళ్లంత సండ్రీ డెబ్టర్స్:
ఇచ్చేటోళ్లు, ఆలస్యంగ ఇచ్చేటోళ్లు,
ఇయ్యరని ముందుగాలనే మనం పక్కకు తీసి వెట్టేటోళ్లు.
నాకు ఆ లెక్క ఇష్టం.
రెండు దిక్కులా సమానమైతె
రాత్రి మంచిగ నిద్ర వడ్తది.

ఈ సారు లెక్క సూడలే. పేర్లు సూసిండు.
గట్టిగ సదువుమన్నడు.

పటేల్ ప్రతాపరెడ్డి గారు, రెండు వేల నాలుగొందలు.
హెడ్మాష్టర్ గారు, ఆరొందల పది.
కుమ్మరి ఎంకటయ్య, నూటెనభై.
కుమ్మరోళ్ల చిన్నోడు, ముప్పై అయిదు.
బోరింగు కాడి ముసల్ది, యాభై రెండు.
కిష్టన్న పెండ్లాం, తొంభై.
కిష్టన్న తమ్ముని పెండ్లాం, నూటపది.
కింది గేరి ఎర్రచీర, నలభై.

ఎవరో నవ్విన్రు.
సారు నవ్వలే.
"ఆమె నీలం చీర కట్టుకొస్తె
బాకీ ఎవరి మీద రాస్తవమ్మా?"

నాయిన మీదికి తోసేద్దామనుకున్న.
గని ఆ రాత నాయినది గాదు.
ఆరో తరగతి సంది, దసర సెలవులల్ల,
గల్ల కాడ గూసుండి కాళ్లూపుకుంట
నేనే రాసిన.
'గారు' ఎవరికి వెట్టాల్నో
నాకెవ్వరు చెప్పలే, ఏ పుస్తకంలా లేదు.
తెలుగుల ఒత్తులు తప్పిన, ఎక్కాలు తప్పిన,
ఇది మాత్రం
ఒక్కపారి గూడ తప్పలే.

దానికేదో పదముందట.
అయిదు మార్కులకు వస్తదట.

ఆయితారం మాపటికి ఆమె వచ్చింది
పెసరపప్పు పావుకిలకు. ఆకుపచ్చ చీర.
"అక్కా, నీ పేరేంది?"
ఆమె పప్పు దిక్కు గాదు, ఖాతా దిక్కు జూసింది.
"ఎందుకు బిడ్డా, కేసు వెడ్తరా?"
"కాదక్కా, రాసుకుంట."
"మరి ఇన్నేండ్ల సంది ఏం రాస్తున్నవు?"

నేను కాంటల పప్పు సరిజేసిన,
సరిగ ఉన్నా గూడ.

"మొగులమ్మ" అన్నది.
నేను రాసేదాంక నిలవడి సూసింది,
ఆమెకు సదువు రాదు.
"పేరెక్కినంక ఇగ ఎగ్గొట్టనీకె రాదు" అని నవ్వుకుంట
మెట్లు దిగింది.

రాత్రి నాయిన అద్దాలు సరిచేసుకొని:
"ఈ మొగులమ్మెవరే?"
చెప్పిన.
"అట్లనే రాయొచ్చు గద, రేపు నాకెట్ల దొరకాలె?"
చెవి మీది పెన్సిల్ తీసి
పేరు పక్కన, చిన్నగ, మళ్ల రాసిండు:
ఎర్రచీర.
కోపమేం లేదు ఆయనకు.
మొత్తం కూడిండు, సరిపోయింది,
లైటు బంద్ చేసి పోయి పండుకున్నడు.

ఇగ మంగళవారానికి ఒక్క రోజే.
మొదటి పేజి నిండింది, నాయిన పెన్సిల్ మీద.
రబ్బరు చేతిలున్నది, చెరుపుత గావచ్చు.
గని రాసుకుంట రాసుకుంట ఇంకోటి సూసిన:
మొగులమ్మ పేరు ఎన్క
రెండక్షరాలు వట్టేంత జాగ
నేనే ఇడిసిన.
రీఫిలు అక్కడి దాంక వోయి చుక్క వెట్టి ఆగింది.
ఆ చుక్క ఎవరిదో రాయాలె.
రెండో పేజి
ఇంక మొదలువెట్టలే.