ఎడమకాలు ముందు

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమని
చెప్పినవాడెవడోగాని
డెబ్బై తొమ్మిదో ఏట, హాలిఫాక్స్‌లో,
నవంబరు మంగళవారం పొద్దున్నే
చెత్తడబ్బా వీధిలోకి లాక్కెళ్తూ
తడి ఆకుల మీద జారి ఉండడు.

బొమ్మ నాకు ముందే తెలుసు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎక్స్‌రే గదిలో
"ఊపిరి బిగపట్టండి, కదలకండి" అన్నదాన్ని.
నేలమీంచే చూసుకున్నాను:
కుడికాలు పొట్టిదయింది, పాదం బయటికి తిరిగింది.
ఇక ఫిల్ము దేనికి?
పక్కింటి ట్రెవర్ తన కోటు కప్పి
అంబులెన్సు వచ్చేదాకా నా పక్కన చతికిలబడి
వాన ఎప్పుడు తగ్గుతుందో మాట్లాడాడు.

మర్నాడు సగం తుంటి కొత్తది వేశారు.
ఆ మర్నాడే లేవమన్నారు.
లేవమన్న పిల్ల పేరు షానిస్.
గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుని
గొంతు మాత్రం పొడుగ్గా పెంచుకుంది.
"ముక్కు కాలివేళ్ళ మీదికి తెచ్చి, అప్పుడు లే!"
లేచాను. నాతోపాటు గదీ లేచింది.
మళ్ళీ కూలబడ్డాం ఇద్దరం.

పక్క మంచం బెరిల్‌కి ఎనభై ఎనిమిది.
పదిహేనో ఏటి నుంచి తివాచీల మిల్లులో
మగ్గం ముందు నిలబడ్డ మనిషి.
"అప్పుడు నిలబడితే జీతమిచ్చేవాళ్ళు,
ఇప్పుడు ఊరికే నిలబడమంటున్నారు" అని
నవ్వి, కాసేపు ఏడ్చి, కస్టర్డు తినేది.
నా అడుగులు ఆమె లెక్కపెట్టేది, ఆమెవి నేను.
తలుపుదాకా తొమ్మిదని నేను,
కాదు ఏడేనని ఆమె.
ఆసరా వెతుక్కునే మొదటి రెండూ
అడుగులు కావట.
శుక్రవారం ఛాతీలో నెమ్ము చేరిందన్నారు.
సోమవారానికి ఆ మంచం మీద కొత్త దుప్పటి.
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
ఆరోజు నా అడుగులు నేనే లెక్కపెట్టుకుని
రెండుసార్లు తప్పాను.

మెట్ల దగ్గర గొడవ వచ్చింది.
ఎక్కేటప్పుడు మంచికాలు ముందు,
దిగేటప్పుడు చెడ్డకాలు ముందు.
ఇదీ షానిస్ పాఠం.
ఎప్పుడు చెడిందమ్మా నా కాలు?
గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో
ఎడమది మడుచుకుని కూర్చుంటే
తొక్కుడుబిళ్ళ గెలిపించింది ఇదే.
రాత్రి డ్యూటీల్లో ఏనుగంత మెషీన్ని
వార్డు వార్డుకీ తోసింది ఇదే.
"కుడికాలు ముందు పెట్టి రా" అంటే
అద్దెకున్న ప్రతి కొంపలోకీ
నాకంటే ముందు వెళ్ళింది ఇదే.
షానిస్ కొంచెంసేపు ఆలోచించి
"పోనీ, కొత్తకాలు అందామా?" అంది.
కాళ్ళు రెండూ ఒప్పుకున్నాయి.

ఇంటికి దింపిన రోజు
గడప ముందు ఒకటే మెట్టు.
వేలెడు ఎత్తు కూడా లేదనుకునేదాన్ని,
ఎప్పుడూ కొలవలేదు గనక.
వాకరు తడిరాతి మీద కిర్రుమంది.
ఎప్పుడో పోయిన మా అమ్మ
చెవిలో కుడికాలు, కుడికాలు అంటూనే ఉంది.
ఎడమకాలు ముందు పెట్టాను.
అరిష్టమేమీ జరగలేదు.
ఫ్రిజ్‌లో పాలు విరిగాయి, అంతే.

ఫిబ్రవరి.
వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద పది,
పక్కకి పది, కుక్కరు కూత వేసేలోగా
ఇంకో పది.
ఒకప్పుడు నా కాలికి బలపం కట్టారనేవాళ్ళు,
ఇప్పుడు కర్ర కట్టుకుంది.
రాత్రి బోర్లా తిరిగితే
తుంటి ఇంకా నా పేరు పెట్టి తిడుతుంది.
మంగళవారాలు ట్రెవర్ డబ్బా లాగుతాడు,
ఆకులు నేనే ఊడుస్తాను, గోడకానుకుని,
అతను వద్దంటున్నా.

నిన్న వీధి చివర
ఎర్ర పోస్టుడబ్బాదాకా వెళ్ళాను.
వేయడానికి ఉత్తరమేమీ లేదు.
చల్లటి ఇనుము మీద చెయ్యేసి నిలబడ్డాను.
నూట ముప్ఫై రెండు.
బెరిల్ లెక్కలో
నూట ముప్ఫై.