ఎడంపక్క లాగుడు

ఆదురుపల్లి దాటినాక వచ్చే ఆ గుంత
నాకు తెలీని గుంతేం కాదు.
ఆ రాత్రి దాన్నిండా వాననీళ్ళు,
రోడ్డు మాదిరే పడుకోనుండాది.
దబ్బుమన్న చప్పుడుకి
వెనకాల నలభై బస్తాల నిమ్మకాయలు
ఒక్కసారి లేచి కూర్చున్నాయి.

నెల్లూరు ఆటోనగర్లో మూడ్రోజులు.
కమాను కట్టలో రెండాకులు మార్చారు,
లోయర్ ఆర్ము, బుష్షులు, షాకులు అన్నీ కొత్తవి.
బిల్లు చూసి నేను కిందికి కుంగాను గానీ
బండి రెండంగుళాలు పైకి లేచింది,
తలంటి పోసుకున్న పిల్లకాయ మాదిరి.
నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి
పోనీమన్నాడు ఖాజా.
ముందు ఎడం టైరు కింద కాయ
నలక్కుండా పక్కకి జారిపోయింది.
నేను అప్పుడే చూసుండాల్సింది.

బుజబుజనెల్లూరు కాడికి వచ్చేసరికి
స్టీరింగ్ మెడ వాల్చేసింది.
రోడ్డు తిన్నగా ఉండాది,
తొమ్మిదుంబావు చూపించాల్సిన చక్రం
పదీ ఇరవై చూపిస్తా ఉండాది.
చెయ్యి వొదిలితే చాలు,
బండి ఎడంపక్కకి, కంపచెట్లలోకి,
ఎవురో పేరు పెట్టి పిలిచినట్టు పోతాది.

ఫోన్ చేస్తే ఖాజా అన్నాడు:
"కొత్త బుష్షులు గదన్నా,
నాలుగు లోడ్లు తోలితే సర్దుకుంటాదిలే."

సర్దుకుంది.
బండి కాదు, నేను.

ఐదు నెలలు.
చేజర్ల తోటల్నించి పొదలకూరు యార్డుకి,
యార్డు నించి గూడూరుకి,
కుడిచెయ్యి లాగతానే ఉండాది.
లాగతా ఉండానని మర్చిపోయేదాకా లాగింది.
రాత్రి అన్నం కలపతా ఉంటే భుజం సలిపేది.
బస్తాలెత్తి అనుకున్నా.
మా శేషమ్మ అమృతాంజనం రాసి
"నువ్వు నిలబడితే ఒక పక్కకి వొరిగి నిలబడతా ఉండావు" అనింది.
నేను నవ్వాను.

టైరు చెప్పింది చివరికి.
లోపలంచు నున్నగా గుండు.
మిగతా బొత్తాల మీద అరచెయ్యి పెట్టి
ఇట్టా నిమిరితే పిల్లి వీపు,
అట్టా నిమిరితే రంపం.

చెంచురామయ్య షెడ్డులో
రంగుల గీతలు చూపించే మిషను ల్యా.
ఒక గాలం దారం, ఒక అగ్గిపెట్టె, ఒక పీట.
వెనక చక్రం నించి ముందు చక్రానికి దారం లాగి
సందులో అగ్గిపుల్లలు దూర్చి చూశాడు.
చాలాసేపు ఏం మాట్లాడలా.
"ఎవురయా చేసింది?
నడుం బాగా కట్టారు, నడక చూడలా.
ఎత్తు మారినాక పాదాలు మారవా?
చూడు, రెండు చక్రాలూ
ఒకదాని మొగం ఒకటి చూసుకుంటా ఉండాయి.
రోడ్డెవురు చూస్తారు?"

టైరాడ్ మీద కిరసనాయిలు పోసి
రెండు చుట్లు తిప్పాడు.
బండెక్కి ఆ మూల దాకా పోయి వచ్చి
ఉప్పు సరిచూసినట్టు ఇంకో పావు చుట్టు.
రెండొందలు తీసుకున్నాడు.
"టైరు మటుకు రాదు.
అది తిన్నది తిన్నట్టే" అన్నాడు.

చక్రం నిటారుగా కూర్చుంది.
బండి దారం మాదిరి పోతా ఉండాది.
మొగళ్ళూరు దాటాక
ఎదురుగా ఆర్టీసీ బస్సు హారన్ కొట్టతానే ఉండాది.
ఎందుకు కొట్టతా ఉండాడా అని చూస్తే
నేను వాడి దారిలో ఉండా.

బండి తప్పేం ల్యా.
చెయ్యి.
ఐదు నెల్ల నించి లేని లాగుడికి
ఇంకా ఎదురు లాగతా ఉండాది.

వెనక్కి పోయి చెప్పాను.
చెంచురామయ్య నా మణికట్టు పట్టుకొని
అటూ ఇటూ తిప్పి వొదిలేశాడు.
"దీనికి దారం కట్టే పని నాకు రాదయా."

ఇప్పుడు తిన్నటి రోడ్డొస్తే
కుడిచేతిని తొడమీద పెట్టుకుంటా.
పని అయిపోయింది, ఊరికే ఉండమంటా.
వింటాది.
ఆదురుపల్లి గుంత దగ్గరికొచ్చేసరికి మటుకు
నేను చెప్పకముందే లేచి
చక్రమ్మీద కూర్చుంటాది.
గుంత పూడ్చేసి నెలైంది.