వెనకద్దం

బరంపురం, పెద్ద బజారు వెనక సందు.
సెలూను షట్టరు సగం దించాను.
ఆఖరి గడ్డం గీయించుకున్నాయన
మెడ తడుముకుంటూ వెళ్లిపోయాడు.
ఇవాళ్టికి నలభై మూడు రోజులు.
ఇవాళ పసుపు టాంగ్‌ని పెద్ద తొట్టికి పంపాలి.

వెనక గదిలో, తువాళ్లారే తాడు కింద
ఒట్టి గాజుపెట్టె. ఇసక లేదు, రాయి లేదు.
రాగి మందు కలిపిన నీళ్లు,
ప్లంబరు పారేసిన ఒక మూల పైపు.
ఆ తెల్ల గొట్టమే దానికి ఇల్లు.
లైటు వేసినప్పుడల్లా
ముందు తోక కనిపించేది, తర్వాత కోపం.

ఈ ఓపిక నాకు పుట్టుకతో రాలేదు.
రెండేళ్ల కిందట, రైలు దిగిన సంచిని
ఆ రాత్రే విప్పి తొట్టిలో ఒంపేశాను.
నాలుగోనాటికి రెక్కల మీద
ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు.
పదోనాటికి ఏడు చేపలు.
ఏడింటినీ పాత పేపర్లో
కత్తిరించిన జుట్టు చుట్టినట్టే చుట్టాను.
మిగిలింది నల్ల డామ్సెల్ ఒక్కటి, బొటనవేలంత.
దాన్ని విడిగా ఉంచి మందేసి
పెద్ద తొట్టిని డెబ్బై ఆరు రోజులు
చేపల్లేకుండానే వెలిగించాను.
"ఇందులో ఏముందోయ్?" అనేవారు కుర్చీలో వాళ్లు.
"నీళ్లు" అనేవాణ్ణి.

గోపాల్‌పూర్ నుంచి ఆ నీళ్లు తెచ్చే ఎర్రయ్య
"సముద్రాన్ని డబ్బాల లెక్కన కొనేవాడివి నువ్వొక్కడివే"
అని తెలుగులో తిట్టి
డబ్బులు మాత్రం ఒడియాలో లెక్కపెట్టుకుంటాడు.

కంటికి ఆనించి చూసే గొట్టంలో
నీలం తెలుపుని తాకేచోట ఉప్పు గీత.
ఇక్కడ ఇరవై నాలుగు, అక్కడ ఇరవై ఐదు.
ఆ ఒక్క గీత కోసం
సెలైను ట్యూబుకి ముడేసి
బకెట్లోకి చుక్క చుక్కగా వదిలాను,
సెకనుకి రెండు.
నూకరత్నం గుమ్మంలో నిలబడి
"పిల్లకి పురిటిస్నానం పోసిన్నాడు
ఇన్ని కొలతలు చూశావా" అంది.
చూడలేదు. అప్పుడు నేను సూరత్‌లో ఉన్నాను.
ఆ మాట తను అనలేదు, నేనూ అనలేదు.
చుక్కలు లెక్కపెట్టాను.

వల పనికిరాదు. తోక మొదట్లో దానికో కత్తి,
నా పెట్టెలో ఉన్నదానిలాగే, మడతపెట్టి.
తడి చేత్తోనే పట్టాలి.
పాత నీళ్లు ఒక్క చుక్కైనా లోపలికి రాకూడదు.
ఇన్నాళ్లూ దాన్ని బతికించిన నీళ్లే
అవతల పగడాలకి విషం.
గొట్టం కూడా రాకూడదు.
ఆ సంగతి చేపకెవరు చెబుతారు?
బకెట్లోకీ గొట్టంలోనే వచ్చింది.
బకెట్లోంచీ గొట్టంతోనే లేచింది.
వంచాను. ఊపాను.
అరచేతిలోకి జారింది,
తడి పసుపుకొమ్ములా, ఒక్క అదురు,
ఆ తర్వాత చెయ్యి ఖాళీ.

రాళ్లు మధ్యాహ్నమే జరిపేశాను,
పాతదానికి తన వీధి తనకే తెలియకూడదని.
అయినా వచ్చింది నల్లది, బాణంలా.
నాలుగింతలున్న కొత్తది
మూలకి ఒదిగి రెక్కలు ముడిచింది.
ఏడు చావులు చూసిన చేప
ఇంకో ప్రాణాన్ని ఓర్చుకోదు కాబోలు,
లేకపోతే దానికవేవీ గుర్తే లేవేమో.
కొక్కేనికున్న వెనకద్దం తీసి,
గిరాకీలకి మెడ వెనక చూపించే అద్దమే,
ఎడమ గాజుకి టేపుతో అంటించాను.
నల్లది ఆగింది.
అక్కడింకో నల్లది. సరిగ్గా తనంతది.
ఇక దానికి తీరికెక్కడిది?

రాత్రి రెండింటికి టార్చి పట్టి వెతికాను.
రాళ్ల మధ్య, మూల పైపంత సందులో పడుకుంది.
రంగు వెలిసి, నడుమ తెల్ల చార.
నిద్రపోతే అంతేనని తెలుసు.
అయినా మొప్ప కదిలేదాకా నిలబడ్డాను.

పొద్దున్నే పాత్రో మాస్టారు.
కటింగయ్యాక అలవాటుగా మెడ వంచి
"వెనకద్దమేదీ?" అన్నారు.
"పనిలో ఉందండి."
"మరి వెనక సరిగ్గా వచ్చిందో లేదో?"
తొట్టిలో కుడివైపు, క్లిప్పుకి పెట్టిన నాచుని
పసుపు మూతి ఒకసారి లాగింది,
వదిలేసింది, మళ్లీ లాగింది.
"వచ్చింది మాస్టారూ" అన్నాను,
ఆయన మెడ వైపు చూడకుండానే.