సోర్వే బస్సు

వణుకు వచ్చిన తొమ్మిదేళ్లకి కుక్క వచ్చింది.
తడిసిన కుక్క, పొయ్యి పక్కన.
"దానికేమైనా పెట్టావా హిల్యా?" అన్నాడు ఎండెల్.
వంగి చేత్తో తడిమాను.
చెక్కనేల, పొడిగా.

తర్వాత మనుషులు.
ముప్ఫై ఒక్క ఏళ్లు కురెస్సారె నుంచి సోర్వే కొస దాకా
బస్సు తోలినవాడు కదా,
ఎవరు ఎక్కడ ఎక్కారో కూడా చెప్పగలడు:
సోఫాలో ఇద్దరూ సల్మె దగ్గర,
కిటికీ పక్క ముసలామె, ఒళ్లో బుట్టతో, అంతకు ముందు స్టాపులో.
ఎవరూ మాట్లాడరు. ఎవరూ దిగరు.
కొక్కేనికి వేలాడే నా కోటు కూడా
చీకటి పడితే మనిషయ్యేది.
తీసి బీరువాలో పెట్టాను.
బీరువాలోంచి దగ్గాడట.

నవ్వుకున్నాం, అప్పటికి.
డిసెంబరులో ఒక రాత్రి
వేలు నావైపు చాపి
"వంటింట్లో ఆ మీసాలాయన నీకేమవుతాడు?" అన్నాడు.
డెబ్భై నాలుగేళ్లదాన్ని,
ముందు నవ్వే వచ్చింది.
తెల్లారాక కత్తులన్నీ తువ్వాల్లో చుట్టి
పక్కింటి లైనెకి ఇచ్చొచ్చాను.
చేపలు ఆమే కోసి పంపేది.

డాక్టరమ్మ ముందు మూత్రం పరీక్షకి పంపింది,
లోపల ఏ జ్వరమూ దాక్కోలేదని తేల్చుకుంది,
మాత్రల పెట్టె బల్లమీద బోర్లించింది.
"పార్కిన్సన్స్‌లో ఇదీ ఉంటుంది.
కాళ్లని కదిలించే మందే వాళ్లనీ కదిలిస్తోంది."
ఒకటి ఆపింది. ఇంకోటి సగం చేసింది.
ఎండెల్ గడప దగ్గర కొయ్యబారిపోయాడు,
దాటడానికి పావుగంట.
సోఫాలో వాళ్లు మాత్రం కులాసాగా కూర్చున్నారు.

అప్పుడు రాత్రిపూట ఒక కొత్త మాత్ర, నాలుగో వంతు.
దానికోసం వారం వారం రక్తం ఇవ్వాలి.
నర్సు నరం వెతుకుతుంటే చెయ్యి నిలవదు.
నేను మణికట్టు పట్టుకుంటాను,
గాలి లేచినప్పుడు రేవులో పడవ తాడు పట్టుకున్నట్టు.

మార్చికి సోఫా ఖాళీ.
ముసలామె బుట్టతో సహా దిగిపోయింది.
మీసాలాయన చెప్పాపెట్టకుండా పోయాడు,
ఎండెల్ ఆ ఊసెత్తడు, నేనూ ఎత్తను.
కత్తులు మాత్రం లైనెని ఇంకా అడగలేదు.

కుక్క ఉంది.
"లేదని నాకు తెలుసులే" అంటాడు, నేను అనకముందే.
అంటూనే కాలు కాస్త పక్కకి జరిపి
దానికి చోటిస్తాడు.

మోతాదు పెంచాలా అని అడిగాను.
"కరుస్తుందా?" అంది డాక్టరమ్మ.
"లేదు."
"అయితే ఉండనివ్వండి."