వేళ్లు లెక్కకొచ్చే కెమెరా

చీటి మూడో నెలలోనే ఎత్తినం.
తరుగు పోంగ చేతికొచ్చినయి పదిహేడు వేల నాలుగొందలు.
కుర్మయ్య వాటిని పిండి డబ్బాల దాచి
మూడు దినాలు ఎవ్వలతోని సక్కగ మాట్లాడలే.
మోటర్లకు రాగితీగ చుట్టేటోడు,
ఒక్క చుట్టు తప్పితే కాలిపోతదని తెలిసినోడు.

దేవరకద్రల బస్సెక్కి
పాలమూరు గడియారం కాడ దిగినం.
కిటికీ సీటు శ్రావ్యది.
ఆ పేరు నేనే పెట్టిన.
చెవులు వినరావని రెండేండ్లకు గాని తెల్వలే,
అప్పటికే ఆధార్ కార్డుకు ఎక్కింది.

దుకాణం పిలగాడు మంచోడే.
ఒక్కొక్కటి అద్దం బల్ల మీద పెట్టుకుంట
ఇది ఇరవై నాలుగు మెగాపిక్సెలు, ఇది ఇరవై,
ఇది జూమ్ చేస్తే మన్నెంకొండ మెట్ల మీద
మనిషి మీసం గూడ అగుపడ్తదన్నడు.
"మీసం మాకేంటికి" అన్నడు కుర్మయ్య.

ఇంట్ల ఫొటోలు లేక కాదు.
గోడకు పదకొండు ఉన్నయి.
అన్నిట్ల బిడ్డ చేతులు కట్టుకోని నిలవడ్డది.
"దిగేటప్పుడు చేతులు ఆడియ్యకు" అని
నేనే పట్టి కిందికి దించిన.
మొన్న సున్నం వేసేటప్పుడు దించి తుడుస్తుంటే
అప్పుడు కొట్టింది నా మనసుకు:
పదకొండుసార్లు దాని నోరు మూసిన.

ఫోన్ల తియ్యలేదా అంటే, తీసినం.
పొయ్యి కాడ, బుగ్గ కింద
అది బడి ముచ్చట చెప్తుంటే
వేళ్లు పొగ లెక్క సాగిపోయినయి.
రాత్రి అదే చూసుకోని
"నేనేం చెప్పిన్నో నాకే తెల్వలే" అని సైగ చేసి
అటు మళ్లి పండుకున్నది.

"దీంట్ల మైకు చూడు అక్కా,
గుసగుస గూడ పడ్తది!"
నాకు నవ్వొచ్చింది. కుర్మయ్యకు రాలే.
"లైట్లు బందువెట్టు బాబూ" అన్నడు.
పిలగాడు బిత్తరపోయి రెండు ట్యూబులార్పిండు.
షట్టరు కింది నుంచి వచ్చే వెలుతురు మిగిలింది,
మా వంటింట్ల ఉన్నంత.
"బిడ్డా, బస్సుల నుంచి ఏం చూసినవో చెప్పు."

అది రెండు కొమ్ములు పెట్టింది.
స్కూటర్ ఎక్కింది. టోపీ దిగ్గుంజుకున్నది.
మంకీ టోపీ పెట్టుకోని స్కూటర్ మీద పోయిన మేక!
మొదటి కెమెరాల కొమ్ములు మసక.
రెండో దాంట్ల మేక ఉన్నది, స్కూటర్ లేదు.
మూడోది పాతది, డబ్బా లేదు, మూలకు గీత,
దాని స్క్రీన్ తలుపు లెక్క తెరిచి మనదిక్కు మళ్లుతది.
అండ్ల లెక్కపెట్టిన. ఐదుకు ఐదు.
చిటికెన వేలికి ఊడిన గోరింటాకు రంగు గూడ.

బిడ్డ చెప్తా చెప్తా ఆగింది.
తెర మీద తనను జూసింది,
చెప్పేటప్పుడు తనెట్లుంటదో.
మేక ముచ్చట మళ్ల మొదటికెల్లి ఎత్తుకున్నది,
ఈసారి నిమ్మలంగ, మేక మొఖం గూడ పెట్టి.

పిలగాడు గొంతు సవరించుకున్నడు.
"అబద్ధం చెప్పొద్దక్కా, దీని మైకు పోయింది.
అందుకే ఎవ్వలు కొంటలేరు."
కుర్మయ్య అప్పుడు నవ్విండు.
"అయితే ఎంత తగ్గిస్తవ్?"
పదకొండు వేల ఎనిమిదొందలకు తెగింది.
బ్యాగు, మెమరీ కార్డు పైన.

మల్లొచ్చేటప్పుడు బస్సుల
బిడ్డ నా మోచేయి పొడిచింది.
"మైకు పోయింది గదా,
మరి నీ మాటలు ఎట్ల పడ్తయి?"
నేను ఆలోచించే లోపల్నే
నా చేతులు రెండు సంచి మీది నుంచి లేవట్టి
గాల్ల నిలవెట్టింది.

మా కెమెరాల మొట్టమొదటి వీడియో నాదే.
ఇరవై రెండు సెకండ్లు.
"అన్నం తిందురా" అనవోయి
ఇంకేదో అన్న. ఏమన్ననో ఇప్పటికీ చెప్తలేదు.
నా చేతులు నడుమల ఆగిపోతయి,
అంతల బొమ్మ గడగడ ఊగుతది,
కెమెరా పట్టుకున్నది నవ్వుతున్నది.